రెండోసారి పాడిన పద్యం

పెళ్ళి వీడియోలో మాట ఒకచోట, మూతి ఒకచోట ఉంటే చూసేవాళ్ళు నవ్వుకుంటారు. పురోహితుడు నోరు మూసుకున్నాక మంత్రం వినబడుతుంది. మేనమామ చేతులు విడదీశాక చప్పట్లు మోగుతాయి. నేను కురుగోడులో ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే. కెమెరాతో తీయడం సగం పని, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మాటనూ మూతినీ ఒకచోటికి తేవడం మిగతా సగం. మొదటి సగం అందరికీ కనపడుతుంది. రెండో సగం సరిగ్గా చేస్తే ఏమీ చేసినట్టే ఉండదు, తప్పు చేస్తే మాత్రం వీధంతా తెలుస్తుంది. ఈ ఇరవై ఏళ్ళలో నేను కలపలేకపోయింది ఒక్కటే ఉంది. అది మా బావ పాడిన పద్యం.

బావ అంటే మా అక్క భర్త. కాలవ కింద నాలుగెకరాలు, సగం వరి, సగం మిరప. పది నెలలు రైతు, ఎండాకాలం రెండు నెలలు రాజు. చుట్టుపక్కల జాతరల్లో పౌరాణిక నాటకం ఆడితే రాజు వేషం ఆయనదే. నాటకం తెలుగు, పద్యాలు తెలుగు, ఆయన చేతిలో పుస్తకం మాత్రం కన్నడ అక్షరాలు. మా బళ్ళారి ఊళ్ళలో ఇది ఎవరికీ వింత కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆయన తెలుగు పద్యాన్ని కన్నడ లిపిలో రాసుకుని, మడికి నీళ్ళు కట్టుకుంటూ బట్టీ పట్టేవాడు. నేనేమో సినిమా పోస్టర్లు చూసి తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఆ విషయంలో ఆయన్ను బాగా ఏడిపించాను. రాజుగారికి సొంత భాష చదవడం రాదని నలుగురిలో అనేవాణ్ణి. ఆయన ఏమీ అనుకోకుండా, మా బామ్మర్దికి చదవడం వచ్చుగానీ ఒక్క పద్యమూ నోటికి రాదని తిప్పికొట్టేవాడు.

ఇంట్లో కెమెరా మనిషిని పెట్టుకుని ఆయన ఒక్కసారి కూడా తన నాటకం తీయనివ్వలేదు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట.

"వద్దులేప్పా. ఒకతూరి చూసుకుంటే మల్ల దాని మాదిరే చేస్తాము. అది పాడేది కాదు, కాపీ కొట్టేది."

నాకు ఒళ్ళు మండేది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ నా చేత తీయించిన మనిషి, తన దాకా వచ్చేసరికి నా పని కాపీ అంటాడేమిటని మనసులో పెట్టుకున్నాను. రెండేళ్ళు ఆయన నాటకాలకు వెళ్ళలేదు కూడా. వెళ్ళలేదని ఆయన గమనించాడో లేదో తెలియదు. నేను మాత్రం గమనించాలనే కోరుకున్నాను.

మూడేళ్ళ కిందట ఆయనకు ముద్ద మింగుడు పడటం కష్టమైంది. మొదట మిరపకాయల ఘాటు అన్నారు, తర్వాత గ్యాస్ అన్నారు. బళ్ళారిలో డాక్టరు గొంతులో లైటు వేసి చూసి బెంగళూరుకు చీటీ రాసిచ్చాడు. తోడుగా నేనే వెళ్ళాను. అక్కడ చెప్పిందేమంటే, గడ్డ మాట పుట్టే చోట లేదు, దాని వెనక మింగే దారిలో ఉంది. కానీ తీయాలంటే రెండూ కలిపి తీయాలి. మెడ ముందు ఒక రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అందులోంచే. మనిషి ఉంటాడు, మాట ఉండదు. అప్పటికి ఆయన గొంతు ఖంగుమంటోంది. చెడిపోయినదాన్ని తీసేస్తామంటే సరే అనుకోవచ్చు, బాగున్నదాన్ని కోసి పారేయడమేమిటని తిరుగు ప్రయాణంలో నేను దారి పొడుగునా తిట్టుకున్నాను. డాక్టర్లను తిట్టాను, దేవుణ్ణి తిట్టాను, బస్సు డ్రైవర్‌ను తిట్టాను. బావ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తున్నాడు. ఆ ప్రయాణంలోనైనా నేను నోరు మూసుకుని ఆయన చేత నాలుగు మాటలు మాట్లాడించి ఉండాల్సింది.

ఆపరేషన్‌కు నెల రోజులు గడువిచ్చారు. ఆ నెలలోనే బండ్రి దగ్గర ఒక ఊళ్ళో జాతర వచ్చింది. రాత్రిళ్ళు మేలుకోకూడదని డాక్టర్లు చెప్పారు గనుక, నాటకం వాళ్ళు ఎన్నడూ లేనిది ఆయన కోసం నాటకాన్ని పగలు పెట్టారు. పొద్దున పదింటికి, షామియానా కింద. ముందురోజు ఆయనే మా స్టూడియోకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని కాసేపు గోడమీది పెళ్ళి ఫోటోలు చూశాడు.

"రేపు తీయప్పా," అన్నాడు. "కాపీ కొట్టేకి ఇంక నాటకం యాడుండాది."

సరే బావా అని కూడా అన్నానో లేదో గుర్తులేదు. కెమెరా తుడవడం మొదలుపెట్టాను.

పద్య నాటకం గురించి ఒక సంగతి చెప్పాలి. పద్యం బాగా పాడితే జనం ఊరుకోరు, వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే పాడినవాడు మళ్ళీ మొదటినుంచి పాడాలి. అది ఆట మర్యాద. కథలో చచ్చిపోతున్నవాడైనా సరే, లేచి మళ్ళీ పాడి మళ్ళీ పడిపోతాడు. పేరున్న నటుడికి వన్స్‌మోర్ రాకుండా పోదు. అందుకని నేను ఎప్పుడైనా నాటకం తీస్తే మొదటిసారి పాడేటప్పుడు కెమెరా ఆపేస్తాను. బ్యాటరీ మార్చుకుంటాను, వేదిక దగ్గరికి జరుగుతాను, ముఖం మీద ఫోకస్ కుదుర్చుకుంటాను. రెండోసారి పాడేదే తీస్తాను. జనం మెచ్చాక పాడేది గనుక రెండోదే బాగుంటుంది కూడా. ఇది ఎవరూ నేర్పలేదు, నా అంతట నేను కనిపెట్టిన తెలివి. దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

మాట సంగతి వేరే. సౌండ్ సిస్టం ఆయనది బండ్రి. పదేళ్ళుగా నాకు తెలిసినవాడు. వేదిక మీది మైకుల్లో వచ్చేదంతా తన పెట్టెలోంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాడు. అది శుభ్రంగా ఉంటుంది. నా కెమెరా మీద కూడా విడిగా ఒక మైకు ఉంటుంది. దాంట్లో ఈలలు, పిల్లల ఏడుపులు, ఐసుబండి గంట, అన్నీ కలిసి వస్తాయి. వినడానికి పనికిరాదు, కానీ ఆనవాలుగా పనికొస్తుంది. కంప్యూటర్‌లో ఆ పాడు శబ్దం గీత కింద పెన్‌డ్రైవ్ గీత పెట్టి, రెండింటి ఎత్తుపల్లాలు సరిపోయేదాకా జరిపితే మాట మూతికి అతుక్కుంటుంది. తర్వాత పాడుదాన్ని తీసేస్తాం.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. గనుల లారీలు లేపిన ఎర్రదుమ్ము షామియానా మీద, కుర్చీల మీద, హార్మోనియం మెట్ల మీద కూడా పడుతోంది. రాజు ముఖానికి వేసిన రంగు చెమటకు చారలు కట్టింది. పగటి నాటకానికి ఎవరొస్తారులే అనుకున్నాం, నిలబడటానికి చోటు లేదు. విషయం అందరికీ తెలిసిపోయింది మరి. రాజు రాజ్యం వదిలిపోతూ పాడే పద్యం వచ్చింది. నాలుగు పాదాలు. ఆయన మొదటిసారి పాడాడు. నేను కెమెరా ఆపి బ్యాటరీ మార్చాను. మైకులోని సెల్లు ఊరికే అయిపోతుందని దాని స్విచ్ కూడా ఆపాను. వన్స్‌మోర్ అంటూ జనం లేచి నిలబడ్డారు. ఊరిపెద్ద వేదికెక్కి బంతిపూల దండ వేశాడు. బావ ఆ దండతోనే మళ్ళీ అందుకున్నాడు. నేను ఆయన ముందుకు, మూడడుగుల దూరానికి జరిగి కెమెరా నొక్కాను. మైకు స్విచ్ నొక్కడం మరిచిపోయాను.

మైకు తగిలించి ఉంటే కెమెరా తన సొంత చెవి మూసుకుంటుంది. మైకు ఆపి ఉందని దానికి తెలియదు. పెళ్ళిళ్ళలో ఇలా పదిసార్లు జరిగింది, ఏదో ఒక సినిమా పాట వేసి కప్పేశాను.

ఆపరేషన్ అయింది. రెండు నెలల తర్వాత బావ ఇంటికొచ్చాడు. మెడకు తెల్లని గుడ్డ, చేతిలో రెండొందల పేజీల నోటుబుక్కు. చెప్పాలనుకున్నదంతా అందులో రాసేవాడు, తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో. ఆసుపత్రివాళ్ళు ఒక చిన్న యంత్రం కూడా ఇచ్చారు. దాన్ని మెడకు ఆనించి పెదవులు కదిపితే గరగరమంటూ మాట వస్తుందట. నేర్చుకోవడానికి వారానికోసారి బళ్ళారి వెళ్ళాలి. ఆయన డబ్బా కూడా విప్పకుండా బీరువాలో పెట్టించాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పైరు చూడటానికి పోలేదు. జావ గ్లాసు పక్కన పెడితే చల్లారి మీగడ కట్టేది.

ఒకరోజు నాకు కబురు పెట్టించాడు. నేను వెళ్ళేసరికే నోటుబుక్కులో పేజీ నిండా రాసి పెట్టుకున్నాడు. రెండోసారి పాడినప్పుడు తనకు ఏదో అయిందట. ముప్పై ఏళ్ళుగా పాడుతున్న దారి విడిచి ఎక్కడికో పోయాడట. ఎలా పోయాడో ఎలా తిరిగొచ్చాడో ఎంత తలుచుకున్నా గుర్తు రావడంలేదట. ఆసుపత్రిలో రోజూ వెతుక్కున్నాడట. అది ఒక్కసారి వినాలి, తాను పాడుతుండగా చూడాలి, ఆ తర్వాత యంత్రం నేర్చుకుంటాను అని రాశాడు. చివరి మాట కింద రెండు గీతలు కొట్టాడు.

అక్క గడపదాకా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, ఆయన మల్ల మనిషి అయ్యేది ఆ వీడియో మీదనే ఉండాది. బిరీన చెయ్యి," అంది. వారంలో ఇస్తానని చెప్పాను. అదెంత పని అని కూడా అన్నాను.

స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో ఎక్కించి చూస్తే, కెమెరా శబ్దం గీత ఈ చివరినుంచి ఆ చివరిదాకా చదునుగా పడుకుని ఉంది. ఒక్క ముడత లేదు. పోనీలే, పెన్‌డ్రైవ్ ఉంది కదా అనుకున్నాను. అందులో ఆ పద్యం ఒక్కసారే ఉంది. అంటే సౌండ్ ఆయన కూడా రెండింటిలో ఒకటి కోసేశాడన్నమాట. కోసేది ఎవరైనా మొదటిదే కదా. నేనైతే అదే చేస్తాను, ఆయనా అదే చేసుంటాడు. అలా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఒక ఫోన్ కొట్టి అడిగే బుద్ధి పుట్టలేదు.

విన్నాను. బాగానే ఉంది. ఎప్పుడూ పాడేలాగే ఉంది. దారి విడిచి పోయిందేమీ నాకు వినపడలేదు. పాడేటప్పుడు ఆయనకు లోపల అలా అనిపించి ఉంటుంది, బయటికి వచ్చింది మాత్రం ఇంతే అనుకున్నాను. కళాకారులకు ఇట్లాంటి భ్రమలు మామూలేనని పెద్దమనిషిలా జాలిపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆనవాలు లేనప్పుడు పెదవులే దిక్కు. ప, బ, మ అనాలంటే ఎంతటివాడికైనా పెదవులు మూసుకోక తప్పదు. ఆ మూసుకున్న చోటు బొమ్మలో వెతకాలి, ఆ అక్షరం శబ్దంలో వెతకాలి, రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టాలి. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు. ఒక్కొక్కటే కదుపుతూ మొదటి పాదం పెట్టాను. చక్కగా అతికింది. రెండో పాదం సగానికి వచ్చేసరికి మాట ముందుకు పోయింది, మూతి ఇంకా తెరిచే ఉంది.

ఇది నాకు తెలిసిన రోగమే. రెండు యంత్రాలు ఒకే గడియారం మీద నడవవు. గంటసేపు తీస్తే చివర్లో అరసెకనో సెకనో తేడా వస్తుంది. శబ్దాన్ని కొంచెం సాగదీస్తే సరిపోతుంది. సాగదీశాను. రెండో పాదం కుదిరింది, మూడోది ఇంకోవైపు జారింది. మూడోది కుదిర్చితే మొదటిది పోయింది. సాగదీసీ సాగదీసీ ఆయన గొంతు జలుబు చేసినట్టయింది, హార్మోనియం శ్రుతి కిందికి దిగిపోయింది. నిమిషన్నర పద్యంలో ఇంత తేడా ఏ గడియారమూ తేదు. అది నాకు తట్టాలి. తట్టలేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. బళ్ళారిలో నాకు తెలిసిన ఎడిటర్ల దగ్గరికంతా హార్డ్‌డిస్క్ పట్టుకుని తిరిగాను. ఒకడు కంప్యూటర్ మార్చమన్నాడు, ఒకడు సుమ్నె యాకప్పా, ఊరికే ఎందుకు ఇంత కష్టం, పైన వేరే పాట వేసెయ్ అన్నాడు. వాడితో ఇప్పటికీ మాటల్లేవు.

మూడో వారంలో బావే బస్సెక్కి వచ్చాడు. మెడచుట్టూ తువ్వాలు కప్పుకుని నా వెనక కూర్చున్నాడు. అంతవరకు అయింది వేసి చూపించాను. మొదటి పాదానికి ఆయన వేలు మోకాలి మీద తాళం వేసింది. రెండో పాదంలో వేలు ఆగిపోయింది. నోటుబుక్కు తీసి, ఇది కాదు అని రాశాడు. సింక్ ప్రాబ్లం బావా, సరిచేస్తాను, కొంచెం ఓపిక పట్టు అన్నాను. ఆయన మళ్ళీ ఇది కాదు అన్న మాట మీదే వేలు పెట్టి చూపించాడు. నేను విసుక్కున్నాను. నా పని నాకు తెలుసులే అన్నట్టు ముఖం పెట్టాను. ఆయన బుక్కు మూసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆయన ఏమీ తినలేదని మర్నాడు అక్క ఫోన్ చేసి చెప్పింది.

అయిదో వారంలో అసలు సంగతి బయటపడింది. ఎప్పుడూ పద్యం అయిపోగానే ఆపేసేవాణ్ణి. ఆ రోజు నీళ్ళ కోసం లేచాను, శబ్దం ముందుకు నడిచింది. ఈలలు, కేకలు, ఆ తర్వాత మైకులో అనౌన్స్‌మెంటు వినిపించింది. ఊరి పెద్దలు వేదిక మీదికి వచ్చి మన రాజుగారికి పూలదండ వేయాలని కోరుతున్నాం అని. నేను చేతిలో సీసాతో తెర వైపు చూశాను. తెర మీద పద్యం మొదలవకముందే ఆయన మెడలో దండ ఉంది. మళ్ళీ వేశాను, మళ్ళీ విన్నాను. తెర మీద పాడుతున్నది దండ వేశాక. పెన్‌డ్రైవ్‌లో పాడుతున్నది దండ వేయకముందు. అయిదు వారాలుగా నేను ఒక పాట మాటను ఇంకో పాట మూతికి కుడుతూ కూర్చున్నాను.

సౌండ్ ఆయనకు ఫోన్ చేశాను. ఆయన చాలా మామూలుగా చెప్పాడు. "పెన్‌డ్రైవ్ కొనుకున్నోళ్ళు మల్ల మల్ల అదే పద్యం వస్తాండాదని తిడతారప్పా. వన్స్‌మోర్ అని మల్ల పద్యం ఎత్తుకుంటానే నేను ఆపేస్తా. ఎప్పుడూ అంతే గదా. నీ కెమెరాలో సౌండ్ ఉంటాది గదా?"

ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది. ఇదివరకు నాటకాల్లో గీతలు కలవని చోటల్లా కెమెరా శబ్దమే వాడి ముందుకు పోయాను, ఎందుకు కలవలేదని ఒక్కసారీ అడగలేదు. వన్స్‌మోర్ వస్తుందని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. తెలుసు గనుక నేను మొదటిది వదిలేశాను, ఆయన రెండోది వదిలేశాడు. ఆయన తప్పేమీ లేదు. స్విచ్ నాది.

ఆ తర్వాత పదిరోజులు పిచ్చివాడిలా తిరిగాను. అంత జనంలో ఒక్కడైనా ఫోన్‌లో తీసుండడా అని బండ్రి చుట్టుపక్కల ఇంటింటికీ వెళ్ళి అడిగాను. తీసినవాళ్ళున్నారు. చాలామంది ఫోన్ నిండిపోయిందని తుడిపేశారు. ఒకాయన దగ్గర స్పీకర్ వెనకనుంచి తీసిన చిన్న ముక్క దొరికింది, అందులో ఈలలు తప్ప ఏమీ లేదు. చివరికి హార్మోనియం వాయించిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కోస్తానుంచి వచ్చి కాలవ కింద స్థిరపడ్డవాళ్ళ క్యాంపులో ఉంటాడు. ఆ రోజు రెండోసారి బావ ఎలా పాడాడో కాస్త వాయించి చూపించమన్నాను. ఆయన పెట్టె తెరవను కూడా తెరవలేదు.

"మీ బావ ఎటెళ్ళాడో నాకే అంతుపట్టలేదండీ. వెంటబడలేక శ్రుతి ఒక్కటే నొక్కుకుని కూర్చున్నాను. అలాంటిది మళ్ళీ వినలేదు," అన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది. బావది భ్రమ కాదు. నిజంగానే అక్కడ ఏదో జరిగింది, నా కెమెరా ముందే జరిగింది.

నిజం చెప్పే ధైర్యం లేదు నాకు. అందుకని దొంగపని మొదలుపెట్టాను. మొదటిసారి పాడినదాన్ని అక్షరం అక్షరంగా కోసి, రెండోసారి మూతికి అతికించాను. రాగం సాగిన చోట అచ్చును పట్టుకుని సాగదీశాను, శ్రుతి దిగితే ఎత్తాను, అతుకులు కనపడకుండా హార్మోనియం, ఈలలు పోశాను. పెదవి మూసిన ప్రతిచోటా అక్షరం సరిగ్గా పడింది. ఊపిరి తీసిన చోట ఊపిరి పడింది. నా జన్మలో అంత పనితనంగా ఏదీ చేయలేదు. చూసుకుని మురిశాను కూడా, అంత సిగ్గులేని మనిషిని.

ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకున్నాడు. వేశాను. అక్క మొదటి పాదానికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎట్ల పాడినాడో చూడు, ఎట్ల పాడినాడో చూడు అంటూ ఏడ్చింది. బావ కదల్లేదు. అయిపోయాక వేలితో మళ్ళీ వేయమన్నాడు. మూడుసార్లు వేయించుకున్నాడు. తర్వాత నోటుబుక్కు తీసి నెమ్మదిగా రాశాడు.

అన్నీ సరిపోయినాయి. నేను పాడింది ఇది కాదు.

అప్పుడు చెప్పేశాను. స్విచ్ గురించి, దండ గురించి, పెన్‌డ్రైవ్ గురించి, ఈ అతుకుల గురించి అంతా చెప్పాను. తల ఎత్తలేదు. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది. ఆ రోజునుంచి అక్క నాకు అన్నం పెడుతుంది, పిల్లల సంగతులు అడుగుతుంది, కానీ తమ్ముడూ అని పిలవడం తగ్గించింది.

బావకు కోపం రాలేదు. చెయ్యి చాచి శబ్దం ఆపేయమని సైగ చేశాడు. అతుకులన్నీ తీసేసి వట్టి బొమ్మను వేశాను. ఆయన ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోకి లాక్కుని, తెర మీది తన నోటిని చూస్తూ, తానూ పెదవులు కదపడం మొదలుపెట్టాడు. శబ్దం లేదు. మెడ గుడ్డ వెనక ఊపిరి ఆడటం ఒక్కటే వినపడుతోంది. మొదటి పాదం కలిసింది. రెండోది కలిసింది. మూడో పాదంలో తెర మీది నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది, ఈయన నోరు ముందుకు వెళ్ళిపోయింది. ఆగాడు. మొదటికి వెళ్ళాడు. మళ్ళీ అక్కడే తప్పిపోయాడు. ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ అదే చోట తప్పిపోయాడు. ముప్పై ఏళ్ళు పద్యం పాడిన మనిషి తన నోటిని తానే అందుకోలేకపోతుంటే చూడలేక గోడవైపు తిరిగాను.

నా భుజం తట్టాడు. తిరిగి చూస్తే నోటుబుక్కు నా ముందుకు జరిపాడు. ఈసారి పెద్ద అక్షరాలతో రాశాడు.

నువ్వు నా ఎదురుగానే ఉంటివి గదా. ఎట్ల పాడితినో నువ్వు చెప్పు.

ఆ నిమిషం నాకు చాలా బాగా గుర్తుంది. బంతిపూల పసుపు ఆయన గడ్డం కింద కొడుతుంటే వెలుగు ఒక మెట్టు తగ్గించాను. చెమట చుక్క ఒకటి మీసం మీదికి జారుతుంటే ఫోకస్ కంటి మీద ఉంచాలా మీసం మీద ఉంచాలా అని తడబడ్డాను. మూడో పాదంలో ఆయన తల కొంచెం ఎడమకు తిప్పాడు, నేనూ కెమెరా ఎడమకు తిప్పాను. బ్యాటరీలో ఎంత మిగిలి ఉందో కూడా చెప్పగలను. పాట మాత్రం లేదు. నేను వినలేదు. ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో వినొచ్చులే అనుకున్నాను.

బావ పెన్ను మూత పెట్టి, నోటుబుక్కు మూసి పక్కన పెట్టి, నా పెదవుల వైపే చూస్తూ నేను మొదలుపెట్టడం కోసం కూర్చున్నాడు.